లినక్సుకు వైఫై అబ్బిన చరిత్ర

1953 అక్టోబరు 1న సిరుగుప్ప తాలూకా మైసూరు రాష్ట్రంలో చేరిన నాటినుండి మన హచ్చొళ్ళి వంటి ఊళ్ళ తెలుగువారు తెలుగు రాష్ట్రానికి వెలుపల నిలిచారు. ఇక్కడి తెలుగు పిల్లలకు తెలుగు పుస్తకాలను, పత్రికలను చేరువ చేయగల సాధనం అంతర్జాలం. కనుక కంప్యూటరు తెరపై తెలుగు కనబడితే చాలదు. ఆ కంప్యూటరుకు అంతర్జాలం కూడా అందాలి.

హైదరాబాదులో 2005లో మొదలైన ‘స్వేచ్ఛ’ ప్రణాళిక లినక్సు ఆధారంగా తెలుగు నిర్వహణ వ్యవస్థను రూపొందించడానికి పూనుకొంది. అయితే ఆ రోజులలో లినక్సు పెట్టుకొన్న ల్యాప్‌టాపులు పెక్కింటిలో వైఫై పనిచేసేది కాదు. లోపం లినక్సుది కాదు, మన భాషది అంతకన్నా కాదు. వైఫై చిప్పును నడిపే డ్రైవరు వ్రాయాలంటే ఆ చిప్పు మర్మం తెలియాలి. బ్రాడ్‌కామ్ వంటి సంస్థలు ఆ వివరాలను గోప్యంగా ఉంచాయి.

అప్పుడు ఔత్సాహికులు రెండు జట్లయ్యారు. ఒక జట్టు సంస్థవారి డ్రైవరును శోధించి, చిప్పు నడిచే తీరును వివరంగా వ్రాసిపెట్టింది. రెండవ జట్టు ఆ డ్రైవరును కన్నెత్తి చూడక, ఆ వివరణను బట్టి మాత్రమే కొత్తదానిని రచించింది. పరుల రచనను కాపీ కొట్టారన్న నింద రాకుండటానికే ఈ నియమం. అలా పుట్టిన డ్రైవరు 2006 జూన్‌లో లినక్సు 2.6.17లో చేరింది.

అయినా చిక్కు తీరలేదు. చిప్పులోనికి ఎక్కించవలసిన ‘ఫర్మ్‌వేర్’ అనే చిన్న ఫైలును పంచిపెట్టే హక్కు సంస్థదే. దానిని తెచ్చుకోవాలంటే అంతర్జాలం కావాలి. అంతర్జాలం రావాలంటే అది కావాలి. పెళ్ళి కుదిరితే గాని పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గాని పెళ్ళి కుదరదన్న సామెత మీకు తెలిసినదే కదా!

క్రమంగా సంస్థల వైఖరి మారింది. 2008లో ఎథెరోస్, 2010లో బ్రాడ్‌కామ్ తమ కొత్త చిప్పుల డ్రైవర్లను మూలంతో సహా విడుదల చేశాయి. 2022లో డెబియన్ సభ్యులు ఓటు వేసి ఫర్మ్‌వేర్‌ను స్థాపక డిస్కులోనే చేర్చడానికి అంగీకరించారు. 2023 జూన్‌లో వచ్చిన డెబియన్ 12తో అది అమలయింది. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ నియమాన్ని కొంత సడలించి, సామాన్యునికి దారి ఇచ్చారన్నమాట.

ఉపాధ్యాయ మిత్రులు గ్రహించవలసినది ఒక్కటే. మీ బడికి కంప్యూటరు కొనే ముందు, పెన్‌డ్రైవు నుండి లినక్సును నడిపించి, వైఫై కలుస్తుందో లేదో పరీక్షించండి. కలిసిన తరువాతనే డబ్బు చెల్లించండి.