సందక్‌ఫూ దారిలో పాత బండ్ల ఆయుష్షు

డార్జిలింగ్ కొండల్లోని మానేభంజాంగ్ నుంచి 3,636 మీటర్ల ఎత్తున్న సందక్‌ఫూకు వెళ్లే దారిలో 1950ల నాటి లాండ్ రోవర్లు పర్యాటకులను మోస్తూ పేరు తెచ్చుకున్నాయి. ఆ ఘనతంతా బ్రిటిష్ ఫ్యాక్టరీదే అనుకుంటాం. అందులో కొంత నిజం లేకపోలేదు. 1948లో ఈ బండి వచ్చేనాటికి, యుద్ధానంతర బ్రిటన్‌లో ఉక్కుకు కరువు. అందుకే పై రేకులను అల్యూమినియం మిశ్రమంతో చేశారు. వాటికి ఉక్కులా తుప్పు పట్టదు. కానీ కింద ఛాసిస్ ఉక్కుదే. బురదనీరు చేరితే తుప్పు దాన్ని లోలోపలే తినేస్తుంది. కాబట్టి ఇంత ఆయుష్షు లోహం ఒక్కటే ఇచ్చింది కాదు. బండి కిందికి దూరి కమాను కట్టల్లో విరిగిన పట్టీని వెతికి, బ్రేకులు సరిచేసి, గేరు పెట్టెలో ఆయిల్ చూసే మెకానిక్కు చేయి కూడా ఇచ్చింది.

చాలా బండ్లలో అసలు ఇంజిన్ పోయి మహీంద్రా డీజిల్ ఇంజిన్ వచ్చింది కదా, ఇక అది లాండ్ రోవర్ ఎలా అవుతుందని కొందరి అభ్యంతరం. మ్యూజియంలో పెట్టే వస్తువుకైతే ఆ మాట చెల్లుతుంది. రాళ్లదారిలో మనుషుల్ని ఎక్కించుకునే బండికి చెల్లదు. పాత ఇంజిన్ విడిభాగాలు దొరకనప్పుడు, పక్క ఊళ్లో దొరికేదాన్ని అమర్చుకోవడమే ఆ బండిని రోడ్డు మీద నిలిపింది. విప్పి, మార్చి, మళ్లీ బిగించడానికి వీలైన నిర్మాణం ఇంగ్లండ్ ఇచ్చింది. ఆ వీలును తరతరాలుగా వాడుకున్న నేర్పు మాత్రం ఈ కొండలది. చరిత్రలో ఆ చేతులకూ చోటు దక్కాలి.