కర్నూలు, కడప ఎండల్లో వ్యాయామం.. ఏ వయసు వారు ఎంతసేపు చేయాలంటే?

వేసవిలో కర్నూలు, కడపల్లో ఎండ 40 డిగ్రీలు దాటేస్తుంది. అలాగని వ్యాయామం మానేస్తే కీళ్లు పట్టేస్తాయి. అందుకే ఎండ ముదరకముందే ముగించేయాలి. ఎవరికెంత అవసరమో ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. ఆ వివరాలివీ..

పిల్లలు, 5–17 ఏళ్లు: రోజుకు సగటున 60 నిమిషాలు ఆడాలి, పరిగెత్తాలి.

18–64 ఏళ్లు: వారానికి 150 నుంచి 300 నిమిషాల చురుకైన నడక. 2 రోజులు కండరాల వ్యాయామం. పొలం పని, ఇంటి పని కూడా ఈ లెక్కలోకే వస్తాయి.

గర్భిణులు: డాక్టర్ వద్దనకపోతే వారానికి 150 నిమిషాలు. ఎక్కువ వేడిలో మాత్రం వద్దు. మూడు నెలలు దాటాక వెల్లకిలా పడుకుని చేయొద్దు.

65 దాటినవారు: నడకతో పాటు వారానికి 3 రోజులు బ్యాలెన్స్ వ్యాయామాలు. కుర్చీ పట్టుకుని లేచి కూర్చోవడంతో మొదలుపెట్టొచ్చు. తూలి పడే ముప్పు తగ్గుతుంది.

ఎముక విరిగినవారు కట్టు విప్పగానే అంతా అయిపోయిందనుకోవద్దు. కదలిక లేకపోతే కీలు బిగుసుకుపోతుంది. కర్నూలు పెద్దాసుపత్రి, కడప రిమ్స్ లాంటి చోట్ల ఎముకల డాక్టర్‌ను అడిగి ఫిజియోథెరపీ మొదలుపెట్టాలి.

ఛాతీలో నొప్పి, కళ్లు తిరగడం, ఆయాసం అనిపిస్తే వెంటనే ఆపేయండి. తగ్గకపోతే 108కి ఫోన్ చేయండి.