సుబాబుల్ కర్ర రవాణా, తూకంపై తేమ ప్రభావం

ఉమ్మడి కృష్ణా, గుంటూరు, ప్రకాశం జిల్లాల రైతులు పండించే సుబాబుల్ కర్రను కాగితపు మిల్లులు టన్నుల లెక్కన కొనుగోలు చేస్తాయి. పచ్చి కర్ర బరువులో సుమారు సగం నీరే. కనుక నరికివేతకు, కాటాకు నడుమ జరిగే జాప్యం, విశేషించి వేసవిలో, రైతు రాబడిని తగ్గిస్తుంది. 50 శాతం తేమ గల 10 టన్నుల కర్రలో పొడి కలప 5 టన్నులు. తేమ 40 శాతానికి దిగితే తూకం సుమారు 8.3 టన్నులే, పొడి కలప మాత్రం అదే 5 టన్నులు. మిల్లుకు లభించే గుజ్జులో లోటుండదు; నష్టం రైతుదే. బెరడు ఒలిచిన దుంగలు మరింత త్వరగా ఆరతాయి. అలాగని పచ్చి కర్ర రవాణా చౌకేమీ కాదు, లారీ సగం నీటినే మోస్తుంది. అందువల్లనే పరిశోధకులు నమూనా ముక్కను సుమారు 105 డిగ్రీల సెల్సియస్ వేడిలో, బరువు స్థిరపడే వరకు ఆరబెట్టి, పొడి బరువును లెక్కగడతారు.