ఒక భాష, మూడు లిపులు: కుల్సుం సయానీ

బుధవారం రాత్రి రేడియో సిలోన్ పెట్టుకుని ‘బినాకా గీత్‌మాలా’ విన్న పెద్దలు మన సభ్యుల్లో చాలామందే ఉన్నారు. ముందు అక్కచెల్లెళ్ళను, ఆ తర్వాతే అన్నదమ్ములను పలకరించి పాటలు వినిపించిన అమీన్ సయానీ గారు 2024 ఫిబ్రవరి 20న కన్నుమూశారు. ఆయన గొంతు గుర్తుపట్టని ఇల్లు లేదు గాని, ఆయనకు ఆ తేట భాష అలవాటు చేసిన తల్లి పేరు మన పిల్లలకే కాదు, పెద్దలకూ అంతగా తెలియదు. ఆమె శ్రీమతి కుల్సుం సయానీ. దేశ స్వాతంత్ర్యం కోసం అక్షరాన్ని పట్టుకుని పనిచేసిన ముస్లిం మహిళ. ఈ సంచికలో ఆమెను గురించి నాలుగు మాటలు చెప్పుకుందామనుకున్నాం.

కుల్సుం గారు 1900 అక్టోబరు 21న గుజరాత్‌లో పుట్టారు. తండ్రి డాక్టర్ రజబ్ అలీ పటేల్ గారు గాంధీజీకి, మౌలానా ఆజాద్‌కు వైద్యం చేసినవారు. 1917లో తండ్రి వెంట వెళ్ళి ఆమె గాంధీజీని కలుసుకున్నారు. అప్పటికి పదహారేళ్ళు దాటిన పిల్ల. తర్వాత డాక్టర్ జాన్ మొహమ్మద్ సయానీ గారితో వివాహం, బొంబాయిలో కాపురం. ఆయనా జాతీయోద్యమంలో ఉన్నవారే, కనుక ఇంట్లో అడ్డు చెప్పేవారు లేకపోయారు. ఆ రోజుల్లో ఇది చిన్న అదృష్టమేమీ కాదు.

చరఖా క్లాసుతో మొదలైన ఆమె పని క్రమంగా చదువు వైపు మళ్ళింది. ఎందుకు మళ్ళిందో తెలియాలంటే ఒక లెక్క చూడాలి. 1931 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో నూటికి ముగ్గురు స్త్రీలకు కూడా చదవడం, రాయడం రాదు. ఘోషాలో ఉన్నవారి సంగతి చెప్పనే అక్కర్లేదు. 1937లో బొంబాయిలో కాంగ్రెసు మంత్రివర్గం ఏర్పడ్డాక వయోజన విద్యకు ఊపు వచ్చింది. మగవాళ్ళకు రాత్రిబడి పెడితే చాలు, పని దిగి వస్తారు. గడప దాటని ఇల్లాలు బడికెలా వస్తుంది? రాదు. అందుకని బడినే ఆ గడపలోకి తీసుకుపోవాలని కుల్సుం గారు గ్రహించారు. ఇంటింటికీ తిరిగారు, తలుపులు తట్టారు, అత్తలకు నచ్చజెప్పారు, ఇళ్ళలోనే క్లాసులు పెట్టించారు. మన కాకినాడలో దుర్గాబాయి గారు చిన్న వయసులోనే ఆడవాళ్ళకు హిందీ బడి నడిపిన సంగతి మనకు తెలుసు. అది తెలుగునాట, ఇది బొంబాయిలో. తపన మాత్రం ఒకటే.

అయితే అక్షరాలు నేర్పితే పని అయిపోదు. కూడబలుక్కుని చదివే అమ్మకు చదువుకోవడానికి ఏమిస్తాం? పెద్ద పత్రికలు ఆమెకు అందవు, చిన్నపిల్లల వాచకాలు ఆమెకు నచ్చవు. చదివేది లేకపోతే ఏడాది తిరక్కుండా నేర్చింది కాస్తా పోతుంది. దీనికి మందుగా 1940లో కుల్సుం గారు ‘రహబర్’ అనే పక్షపత్రిక ప్రారంభించారు. రహబర్ అంటే దారి చూపే మనిషి. భాష మామూలు హిందూస్తానీ, బజారులో అందరూ మాట్లాడుకునేదే. లిపులు మాత్రం మూడు: నాగరి, ఉర్దూ, గుజరాతీ. ఎవరికి ఏ అక్షరాలు వస్తే ఆ అక్షరాల్లోనే, అదే మాట!

1940 ఎలాంటి సంవత్సరమో పాఠకులు గుర్తు చేసుకోవాలి. లాహోరులో ముస్లిం లీగు తీర్మానం చేసిన ఏడాది అది. నాగరి హిందువులదని, ఉర్దూ ముస్లిములదని ఇరువైపులా గీతలు గీస్తున్న కాలం. అలాంటప్పుడు ఒక ముస్లిం ఇల్లాలు మూడు లిపులనూ పక్కపక్కన కూర్చోబెట్టడం గుండె ధైర్యం ఉంటేగాని అయ్యే పని కాదని మేము అనుకుంటాం. 1942లో హిందూస్తానీ ప్రచార సభను నెలకొల్పి రెండు లిపులూ నేర్చుకోమన్న గాంధీజీకి ఈ పత్రిక నచ్చింది. హిందీని, ఉర్దూను కలిపే దీని ప్రయత్నాన్ని మెచ్చుకుంటూ 1945లో ఆమెను బిడ్డా అని సంబోధించి ఉత్తరం రాశారు.

ఈ లిపి గొడవ మన ఇళ్ళలోనూ ఉంది. తాతగారు ఉర్దూలో రాసిపెట్టుకున్న నోటుబుక్కును మనవడు చదవలేడు. మనవడి తెలుగు పాఠం నానీకి వింటే అర్థమవుతుంది, చూస్తే కాదు. మధ్యలో తల్లి రెండింటికీ దుబాసీ. ఏది వదలాలి, ఏది నేర్పాలి అని మన సంఘంలో ఎన్నిసార్లు వాదించుకోలేదు! కుల్సుం గారు వదలడం మాట ఎత్తలేదు. ముందు ఎదుటి మనిషికి వచ్చిన అక్షరం పట్టుకున్నారు, అక్కడినుంచి నడిపించారు.

దేశం రెండు ముక్కలైనా ఆమె బొంబాయి విడిచిపోలేదు, పత్రికా ఆగలేదు. స్వాతంత్ర్యం వచ్చాక 1951లో లెక్క తీస్తే అక్షరం వచ్చిన స్త్రీలు నూటికి తొమ్మిదిమందికి లోపే తేలారు. అంటే పని ఇంకా కొండంత ఉంది. అఖిల భారత మహిళా సభలోనూ, వయోజన విద్యా రంగంలోనూ ఆమె కృషి సాగుతూనే వచ్చింది. ఇంట్లో పత్రిక పనిలో తల్లికి చేయందించిన కుర్రవాడే అమీన్. ఏ మాట అందరికీ అర్థమవుతుందో అక్కడే నేర్చుకున్నాడు. 1952 డిసెంబరులో గీత్‌మాలా మొదలైనప్పుడు అతనికి ఇరవై ఏళ్ళు నిండవస్తున్నాయి.

‘రహబర్’ ఇరవై ఏళ్ళు నడిచి 1960లో ఆగింది. ఆమెకు పద్మశ్రీ వచ్చింది కూడా ఆ సంవత్సరమే. 1969లో నెహ్రూ లిటరసీ అవార్డు లభించింది. 1987 మే 27న, ఎనభై ఆరేళ్ళ వయసులో కుల్సుం సయానీ గారు పరమపదించారు.