దళం చెదిరిన తర్వాత: ఒక శ్రోత చరిత్ర

ప్రజానాట్యమండలి చరిత్ర రాసినవాళ్లు నాటకాలు రాసినవారి గురించి, ఆడినవారి గురించి, జైళ్లకు వెళ్లినవారి గురించి రాశారు. అది అవసరమే. కాని గోనెపట్టా పరుచుకుని తెల్లవార్లూ నేలమీద కూర్చున్న మనిషి ఆ చరిత్రలో ఒక అంకెగా తప్ప కనిపించడు. ‘వేలాది జనం వచ్చారు’ అని రాస్తాం. దళాలు చెదిరిపోయినప్పుడు ఆ జనం ఏమనుకున్నారో రాయం. కళాసంస్థ విచ్ఛిన్నమైతే దాన్ని తనదనుకున్న అభిమాని కూడా నష్టపోతాడు. అతని దుఃఖాన్నీ, కోపాన్నీ విమర్శకులు ఎట్లా అర్థం చేసుకోవాలన్నదే ఇక్కడ నా ప్రశ్న. నాకున్న ఆధారం ఒక్క శ్రోత: చింతలపూడిలో పుట్టి పెరిగిన మా నాన్న. ఒక్క మనిషి అనుభవం నుంచి అందరికీ వర్తించే సిద్ధాంతం చెయ్యలేమని నాకు తెలుసు. కాని ఎక్కడో ఒకచోట మొదలుపెట్టాలి.

1943లో బొంబాయిలో ఇప్టా ఏర్పడింది. ఆ ఏడే ఆంధ్రలో డాక్టర్ గరికపాటి రాజారావు మొదలైనవారి కృషితో ప్రజానాట్యమండలి రూపు దిద్దుకుంది. పల్లె జనానికి తెలిసిన కళారూపాలనే తీసుకుని, వాటిలో ఆనాటి సమస్యలను పెట్టడం దాని పద్ధతి. షేక్ నాజర్ వంటి కథకుల చేతుల్లో బుర్రకథ అట్లాగే రాజకీయ ఆయుధమైంది. నడుమ తంబురా పట్టిన కథకుడు, ఒకపక్క హాస్యం చెప్పేవాడు, ఇంకోపక్క రాజకీయం చెప్పేవాడు. ఈ ముగ్గురిలో ఏ ఒక్కరు లేకపోయినా కథ నడవదు. అందువల్ల శ్రోతలు కథకుణ్ణి ఒక్కణ్ణే అభిమానించలేదు. ముగ్గురినీ కలిపి ఒక్క మనిషిగా చూసుకున్నారు.

సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు కలిసి రాసిన ‘మాభూమి’ నాటకం 1947లో వచ్చింది. జనగామ ప్రాంతంలో దొరతనాన్ని ఎదిరించి హతుడైన బందగీ కథ దానికి మూలం. మిగతా కోస్తా ప్రేక్షకుడికి అది పొరుగు రాజ్యం కథ. మాకు అట్లా కాదు. చింతలపూడి నుంచి సత్తుపల్లికి పట్టుమని ముప్ఫై కిలోమీటర్లు లేదు. 1948 సెప్టెంబరు దాకా అది నైజాం ఏలుబడి, మాది మద్రాసు రాష్ట్రం. సరిహద్దుకు అటూ ఇటూ చుట్టరికాలున్నాయి, పశువుల బేరాలున్నాయి. మా నాన్న ఇరవయ్యేళ్ల వయసులో బండి కట్టుకుని ఏలూరు వైపు ఒక ఊరికి పోయి ఆ నాటకం చూశాడు. వేదికమీద కనిపించిన దొర తనకు ముఖపరిచయం ఉన్నవాడే అనిపించిందని చెప్పేవాడు.

ఆ నాటకాన్ని మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. 1948 నుంచి కమ్యూనిస్టులమీద నిర్బంధం ముమ్మరమై, కళాకారులు కొందరు జైళ్ల పాలయ్యారు, కొందరు అజ్ఞాతవాసానికి పోయారు, మిగిలినవారు పొట్టకూటికి తలోదారీ పట్టారు. మండలి విడిపోయిందని ఎవరూ ప్రకటించలేదు. శ్రోత బాధలో నాకు మొదట కనిపించేది ఇదే. ‘‘మానేశామని ఎవరూ చెప్పలేదురా అబ్బాయ్. ఆ ఏడు రాలేదు. పై ఏడు వస్తారనుకున్నాం. మరో ఏడు కూడా అట్లాగే అనుకున్నాం,’’ అనేవాడు నాన్న. చావు కబురు తెలిస్తే ఏడ్చి ఊరుకుంటారు. ఈ ఎదురుచూపుకు ఆ వీలు కూడా లేదు.

1953లో రాజారావు ‘పుట్టిల్లు’ సినిమా తీశారు. జమునకూ, అప్పట్లో మా జిల్లాలోనే ఉన్న పాలకొల్లు మనిషి అల్లు రామలింగయ్యకూ అదే తొలిచిత్రం. మిక్కిలినేని, తాతినేని ప్రకాశరావు వంటివారు కూడా మండలి నుంచి సినిమాకు వెళ్లినవారే. నాన్న ఏలూరు పోయి ‘పుట్టిల్లు’ చూసి వచ్చి రెండురోజులు ఎవరితోనూ సరిగా మాట్లాడలేదని అమ్మ చెప్పేది. తర్వాత ‘అమ్ముడుపోయారు’ అన్నాడట. చిత్రమేమంటే, అదే మనిషి, పక్కవాడు రామలింగయ్యను ‘సినిమా కమెడియన్’ అంటే ఒప్పుకునేవాడు కాదు. ‘‘ఆయన మండలి మనిషి’’ అని దెబ్బలాడేవాడు. నింద వెయ్యాలన్నా, వెనకేసుకు రావాలన్నా ఆ హక్కు తనదే అనుకున్నాడు.

ఇది మెట్ట ప్రాంతపు రైతు అమాయకత్వమని కొట్టిపారెయ్యడానికి వీల్లేదు. 1970 ఏప్రిల్‌లో బీటిల్స్ బృందం విడిపోతున్న వార్త రాగానే లండన్‌లో వారి కార్యాలయం ముందు అభిమానులు గుమిగూడారు. జాన్ లెనన్ భార్య యోకో ఓనోయే విడదీసిందని లోకం చాలాకాలం నమ్మింది. వ్యాపార నిర్వహణ ఎవరి చేతిలో ఉండాలన్న తగాదా ముదిరి, ఆ ఏడాది చివరిరోజున పాల్ మెకార్ట్నీ కోర్టుకెక్కిన సంగతి మాత్రం అంతగా పట్టించుకోలేదు. ఆ బృందానికీ మన దళాలకూ లక్ష్యంలో పోలిక లేదు. అభిమాని మనసు మాత్రం రెండుచోట్లా ఒకే విధంగా నడిచింది. కారణాలు వెతకడం కష్టం, ద్రోహిని వెతకడం సులువు.

మన విమర్శ చేసిన పొరపాటు కూడా ఇక్కడే ఉంది. శ్రోత ఆవేశంలో అన్న ‘అమ్ముడుపోయారు’ అనే మాటను మనం తీర్పుగా స్వీకరించాం. దళం నిలవాలంటే తిండి కావాలి, ప్రదర్శనకు అనుమతి కావాలి, అరెస్టయినవాడి కుటుంబానికి ఆసరా కావాలి. ఈ మూడూ లేకుండా పోయిన సంవత్సరాలను పక్కనపెట్టి, ఆ తర్వాత మద్రాసు రైలెక్కినవాణ్ణి మాత్రమే నిలదీస్తే అది చరిత్ర కాదు. అట్లాగని శ్రోత కోపాన్ని తోసిపుచ్చకూడదు. ఆ సంస్థ తనదని అతను ఎంతగా నమ్మాడో చెప్పడానికి ఆ కోపమే సాక్ష్యం.

రెండో దెబ్బ 1964లో తగిలింది. పార్టీ చీలింది. దానితో సాంస్కృతిక కార్యకర్తలూ చీలారు. తర్వాతి కాలంలో ప్రజానాట్యమండలి అనే ఒకే పేరుతో రెండు పార్టీల పక్షాన రెండు సంస్థలు పనిచేశాయి. నాన్న రెండింటి ప్రదర్శనలకూ పోయాడు. ‘మీరు ఎటువైపు?’ అని ఒక కార్యకర్త అడిగితే, ‘‘నేను కూర్చునే వైపు, బాబూ’’ అన్నాడు. అప్పుడు నేను నవ్వాను. విద్యార్థిని కదా, ఆయనకు సిద్ధాంతం తెలియదనుకున్నాను. చీలికకు సైద్ధాంతిక కారణాలున్నాయి, వాటిని చర్చించవలసిందే. కాని ఆ చర్చలో ఎక్కడా ఆయన వంటివాణ్ణి పిలిచి అడగలేదన్నది కూడా నిజం.

శ్రోతలు బాధపడి ఊరుకోలేదన్న విషయం కూడా రాయాలి. దళాలు రావడం ఆగిపోయిన తర్వాత మా వీధిలో ముగ్గురు పొగాకు కూలీలు తంబురా, డక్కీలు సంపాదించి, విన్నంత మేరకు కథలు కట్టి, నాలుగైదు సంక్రాంతులు చెప్పారు. నాన్న వాళ్లకు దీపాల ఖర్చు పెట్టుకునేవాడు. ఆ చెప్పడంలో నాజర్ ఒడుపు లేదు, తాళం తప్పేది. కాని దళం పోయినా దాని పని ఊళ్లో కొంతకాలం బతికిందంటే అది వాళ్ల వల్లనే. ఏ చరిత్రలోనూ వాళ్ల ఊసు లేదు.

చివరి రోజుల్లో రేడియోలో బుర్రకథ వస్తే నాన్న మంచంమీదనుంచే వంత కలిపేవాడు. అప్పటికైనా పక్కన కూర్చుని ఆయన విన్న కథలు, వచ్చిన దళాలు, ఆడిన ఊళ్లు రాసుకుని ఉండవలసింది. నేను రాసుకోలేదు. ఆ తరం శ్రోతలు ఇప్పుడు ఏ ఊళ్లోనైనా ఒకరిద్దరు మిగిలి ఉంటే గొప్ప. ప్రజా సాహిత్య చరిత్ర రాయదలచిన విద్యార్థులు గ్రంథాలయాలకు పోయేముందు వాళ్ల దగ్గరికి పోవాలని నా మనవి. ఎవరు విడగొట్టారని అడగకండి. విడిపోయాక మీరేం చేశారని అడగండి.