ఉదయగిరి దాకా వినిపించిన గది
(ఆకాశవాణి విజయవాడ కేంద్రం వజ్రోత్సవ ప్రత్యేక సంచిక కోసం)

ఉదయగిరి దుర్గం కింద మా వీధిలో పొద్దున్నే రేడియోలో భక్తిరంజనితో తెల్లవారేది. ముల్లు 837 కిలోహెర్ట్జ్ దగ్గర నిలబెట్టాలంటే చెయ్యి తిరిగినవాళ్ళే తిప్పాలి. విజయవాడ ఎక్కడ, మా ఊరెక్కడ! గరగర ఉండనే ఉండేది. అయినా ఆ గరగర వెనక నుంచి వచ్చే గొంతు మా వసారాలో కూర్చుని మాట్లాడుతున్నట్టే ఉండేది. ఆ దగ్గరితనంలో సగం గొంతుదైతే సగం గదిదని నాకు చాలా ఏళ్ళకు గాని తెలియలేదు.

విజయవాడ కేంద్రం 1948 డిసెంబర్ 1న మొదలైంది. అంతకుముందు మా నెల్లూరు జిల్లాకు రేడియో అంటే 1938లో వెలసిన మద్రాసు కేంద్రమే. విజయవాడకు మంగళంపల్లి బాలమురళీకృష్ణ, ఓలేటి వెంకటేశ్వర్లు, బాలాంత్రపు రజనీకాంతరావు వంటివారు వచ్చారు. ఉషశ్రీ పురాణం చెబుతుంటే పొయ్యి మీద కూర మాడినా లేచేవాళ్ళు కారు. వాళ్ళ ప్రతిభ గురించి ఈ సంచికలో చాలామంది రాస్తారు. నేను గోడల గురించి రాస్తాను.

రేడియో స్టూడియోకి ఒకదాని వెనక ఒకటి రెండు బరువైన తలుపులుంటాయి. మధ్యలో చిన్న ఖాళీ; బయటి చప్పుడు అక్కడే చిక్కుకుపోవాలి. ఇంజనీరు కూర్చునే గదికీ దీనికీ నడుమ రెండు పొరల అద్దం. అందులో ఒక పొరను కాస్త వాల్చి బిగిస్తారు, శబ్దం తిరిగి మైకు మీదకే రాకుండా. గోడలకు చిల్లుల పలకలు, వాటి వెనక గాజునూలు. నర్ది కర్రతో గరిటెలు చెక్కే మా ఉదయగిరి పనివాళ్ళు చూస్తే ఆ చిల్లులు ఎందుకని ముందు అడుగుతారు. శబ్దం వాటిలోకి దూరి, నూలులో తిరిగి తిరిగి అలిసిపోతుంది. నాటకాల స్టూడియోలో ఒక మూల మోగేలా, ఇంకో మూల మోగకుండా ఉంచుతారు. నటుడు నాలుగడుగులు జరిగితే చాలు, రాజసభలోంచి పూరిగుడిసెలోకి వచ్చేస్తాడు!

తర్వాత టేపు వచ్చింది. సెకనుకు ఏడున్నర అంగుళాల చొప్పున తిరిగే టేపు మీద పావు సెకను దగ్గు రెండంగుళాలకు కాస్త తక్కువ. బ్లేడుతో ఏటవాలుగా కోసి, ఆ ముక్క తీసేసి, రెండు కొసలూ అంటించేవాళ్ళు. కొయ్యాల్సిన చోటు చెవే చెప్పాలి. ఇప్పుడు కంప్యూటరు తెర మీద శబ్దం గీతలుగా కనిపిస్తుంది, మౌస్‌తో చెరిపేస్తే సరి. పని తేలికైంది, సంతోషమే. కానీ మోగే గదిలో పట్టిన గొంతును ఏ సాఫ్ట్‌వేరూ పూర్తిగా బాగుచెయ్యలేదు.

ఆత్మకూరులో ఈమధ్య పాటలు రికార్డు చేసే కొందరు కుర్రాళ్ళ గదికి వెళ్ళాను. ఒక ల్యాప్‌టాప్, ఒక మైకు, గోడల నిండా పాత బొంతలు. పాడాల్సిన పిల్ల సిద్ధంగా నిలబడింది. ఫ్యాను ఆపేశారు. బయట నెల్లూరు బస్సు హారన్ కొట్టుకుంటూ పోతోంది. అది పూర్తిగా దూరమయ్యేదాకా ఎవరూ మాట్లాడలేదు. చెమటలు కారుతున్నా కదల్లేదు. అప్పుడు ఒకడు చెయ్యెత్తి సైగ చేశాడు.