వానలో బ్రేక్ వేస్తే బండి ఎంత దూరంలో ఆగుతుంది?

హైదరాబాద్‌లో ఆఫీసులు వదిలే వేళ వాన మొదలైతే ఏమవుతుందో రోజూ తిరిగేవారికి తెలిసిందే. ఫ్లైఓవర్ల కింద బైకులు బారులు తీరతాయి, ఉన్న రోడ్డు సగమవుతుంది, వెనక వచ్చేవాళ్లు హారన్ మీద హారన్. అలాంటప్పుడు చాలామంది వేగం కొంత తగ్గిస్తారు. కానీ ఆ తగ్గింపు చాలదు.

ఎందుకో లెక్క చూద్దాం. గంటకు 60 కిలోమీటర్లంటే సెకనుకు దాదాపు 17 మీటర్లు. ఎదురుగా అడ్డం కనిపించాక కాలు బ్రేక్ మీదికి వెళ్లడానికి ఒక్క సెకను పట్టినా కారు 17 మీటర్లు వెళ్లిపోతుంది. పొడి రోడ్డయితే ఆ తర్వాత సుమారు 20 మీటర్లలో ఆగుతుంది. తడి రోడ్డు మీద టైరుకు పట్టు బాగా తగ్గడం వల్ల 35 మీటర్ల దాకా పట్టొచ్చు. మొత్తం 37 మీటర్లలో ఆగాల్సింది 52 మీటర్లు పోతుందన్నమాట. తేడా దాదాపు నాలుగు కార్ల పొడవు! అదే 50 వేగంతో వెళ్తుంటే తడి రోడ్డు మీద కూడా సుమారు 39 మీటర్లలో ఆగొచ్చు. మనలో చాలామంది చేసేది దీనికి రివర్స్. దారి సరిగా కనిపించక, ముందు కారు ఎర్ర లైట్లనే పట్టుకుని ఇంకా దగ్గరగా వెళ్తాం.

పైగా ఇదంతా టైర్లు బాగున్నప్పటి లెక్క. కారు టైరు గాడి లోతు కనీసం 1.6 మిల్లీమీటర్లు ఉండాలన్నది నిబంధన. అరిగిన టైరు నీటిని పక్కకు నెట్టలేదు, నీటి పొర మీద తేలిపోతుంది. స్టీరింగ్ ఒక్కసారిగా తేలికైపోతే అదే గుర్తు. అప్పుడు గట్టిగా బ్రేక్ తొక్కకూడదు. యాక్సిలరేటర్ వదిలి, స్టీరింగ్ నిటారుగా పట్టుకోవాలి.

తొలి వానతో మరీ జాగ్రత్త. ఎండ రోజుల్లో పేరుకున్న నూనె, దుమ్ము నీళ్లతో కలిసి రోడ్డును జారుడుగా చేస్తాయి. రెండు వానల మధ్య విరామం ఎంత ఎక్కువైతే ముప్పు అంత పెరుగుతుందని అమెరికాలో జరిగిన ఒక అధ్యయనం తేల్చింది. బైకు నడిపేవారికి జీబ్రా క్రాసింగ్ పెయింటు, మ్యాన్‌హోల్ మూతలు కూడా గండాలే. వాటి మీద వంపు తిప్పడం, బ్రేక్ వేయడం వద్దు. రెయిన్‌కోటు టోపీ పక్కచూపును కప్పేస్తుందని కూడా గుర్తుంచుకోండి.

మరో అలవాటు: వాన పడగానే నాలుగు ఇండికేటర్లూ వెలిగించి నడపడం. మీరు ఎటు తిరుగుతున్నారో వెనకవారికి తెలియదు. హెడ్‌లైట్లు లో బీమ్‌లో వేస్తే చాలు.

మరి లెక్కలు ఏమంటున్నాయి? 2022లో దేశంలో 4,61,312 రోడ్డు ప్రమాదాలు జరిగాయి, 1,68,491 మంది చనిపోయారు. కేంద్ర రవాణా శాఖ నివేదిక ప్రకారం దాదాపు నాలుగింట మూడు వంతుల ప్రమాదాలు ఆకాశం నిర్మలంగా ఉన్నప్పుడే జరిగాయి. దీన్నిబట్టి వాన సురక్షితమని అనుకోవద్దు. ఏడాదిలో వాన కురిసే గంటలే తక్కువ.

బయల్దేరే ముందు వాతావరణ శాఖ ఇచ్చే మూడు గంటల ముందస్తు హెచ్చరిక చూడండి. అరగంట ఆగితే సరిపోయే వానలే ఎక్కువ. జాతీయ రహదారి మీద ఇబ్బంది వస్తే 1033కి, అంబులెన్స్‌కు 108కి, ఏ అత్యవసరమైనా 112కి కాల్ చేయొచ్చు. 2025 మేలో వచ్చిన కేంద్ర పథకం కింద ప్రమాద బాధితులకు ఏడు రోజుల వరకు, రూ.1.5 లక్షల దాకా నగదు లేకుండా చికిత్స ఉంటుంది. సాయం చేసినవారిని పేరు చెప్పమని బలవంతం చేసే హక్కు పోలీసులకు గానీ, ఆసుపత్రికి గానీ లేదు.